ఆదివారం సంతకి అక్టోబర్‌లో నారు

హాస్టల్లో చేరిన కొత్తలో మా రూమ్మేట్ ఒక మాట అన్నాడు. "మీది పల్లెటూరు కదా, మీ ఇంట్లో కూరగాయలు కొనాల్సిన పనే ఉండదు!" నేను నవ్వేశాను. ఎందుకంటే మా ఇంట్లో ఉప్పు నుంచి వంకాయ దాకా అన్నీ కొంటాం. మా ఇంటి వెనక వాళ్లూ కొంటారు. ఎకరాలు ఉన్న మా పెదనాన్న కూడా సంచి పట్టుకుని బజారుకి వెళ్లి, బయట నుంచి ఆటోలో వచ్చిన బెండకాయలు కొనుక్కొస్తాడు.

మా ఊరు సంగం. నెల్లూరు నుంచి ముంబై రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వస్తే, పెన్నా ఒడ్డున ఉంటుంది. 1880లలో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ ఆనకట్ట కట్టారు. దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబర్ 6న ప్రారంభించారు. దాని కింద ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలు. అంటే నీళ్లకి పేరున్న ఊరు. నీళ్లుంటే మా వైపు వేసేది ఒక్కటే, వరి. మొలగొలుకులు అనే పాత రకం పేరు మీ ఇళ్లలో పెద్దవాళ్లు వినే ఉంటారు. నెల్లూరు బియ్యానికి ఆ పేరు తెచ్చింది అదే.

మరి ఇంత నీళ్లు, ఇంత భూమి ఉన్న ఊళ్లో కూరగాయలు ఎందుకు కొనుక్కోవాలి? మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క, ఈ ప్రశ్న సీరియస్‌గా తీసుకుంది. చెన్నైలో మూడేళ్లు ఆఫీసు ఉద్యోగం చేసి తిరిగొచ్చింది. ఇంటి పక్కన ఉన్న 20 సెంట్లలో కూరగాయలు పండిస్తూ, ఆదివారం పొద్దున ఇంటి ముందు వేపచెట్టు కింద చిన్న సంత పెడతానంది. అప్పటికి తనకి సేద్యం రాదు, సంత నడపడమూ రాదు. పెదనాన్న ఒక కండిషన్ పెట్టాడు: "ఈ ఇరవై సెంట్లు నీ ఇష్టం. రెండేళ్లు చూస్తా. మిగతా ఎకరా జోలికి మాత్రం రామాక." రెండేళ్లలో ఇది నిలబడకపోతే ఆ 20 సెంట్లతో సహా మొత్తం కౌలుకి ఇచ్చేస్తాడు.

సెలవుల్లో నేను ఆ సంత లెక్కలు రాశాను. అందులో నాకు అర్థమైంది ఈ వ్యాసంలో చెప్తాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే: సంత ప్రతి ఆదివారం వస్తుంది, మొక్క మాత్రం దాని టైముకే వస్తుంది. చిన్న ఊళ్లో సంత నడపడం అంటే ఈ రెండు గడియారాలని కలపడమే.

వరికి ఒక్క రోజు, కూరకి ప్రతి రోజూ

ముందు వరి సంగతి. మా జిల్లాలో ధాన్యాన్ని పుట్లలో కొలుస్తాం. పుట్టి అంటే 850 కిలోలు. 2025–26కి ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. అంటే పుట్టికి 20,306 రూపాయలు. ఎకరాకి మూడు పుట్లు వచ్చిందనుకుంటే సుమారు 61 వేలు. ఇందులోంచి దుక్కి, నాట్లు, ఎరువులు, కోత మిషన్, అన్నీ పోవాలి. పైగా తేమ ఉందనో, తాలు ఉందనో తరుగు తీస్తారు.

కానీ వరిలో ఒక సుఖం ఉంది. కోత ఒక్కసారి, అమ్మకం ఒక్కసారి. ధాన్యం ఎండబెట్టి ఉంచితే నెలలు ఆగుతుంది. రైతు నిద్రపోవచ్చు. కూరగాయలకి ఆ సుఖం లేదు. బెండకాయ రెండు రోజులు కోయకుండా వదిలేస్తే ముదిరిపోతుంది. ముదిరితే ఎవరూ కొనరు. ఇంకో ఇబ్బంది నేలది. మా వైపు కయ్యలు బంకమట్టి. చుట్టూ వరి ఉంటే ఊట దిగి మధ్యలో ఉన్న మడి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వరికి అది కావాలి, టమాటాకి అది చావు. అందుకే నీళ్లున్న ఊళ్లోనే కూరగాయలు లేవు. ఇది బద్ధకం కాదు, లెక్క.

ఇరవై సెంట్ల మోడల్

అక్క మొదలుపెట్టింది సొంత ఐడియాతో కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నడుపుతోంది. 2024లో ఈ కార్యక్రమానికి గుల్బెంకియన్ ప్రైజ్ అనే అంతర్జాతీయ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది. వాళ్లు చిన్న రైతులకి చెప్పే పద్ధతుల్లో ఒకటి 'ఏటీఎం మోడల్'. ఏటీఎం అంటే ఎనీ టైమ్ మనీ. ఇరవై సెంట్లలో ఎత్తు మళ్లు కట్టి, మధ్యలో కాలవలు తీసి, ఆకుకూరలు, దుంపలు, తీగలు, కాయకూరలు అన్నీ కలిపి వేస్తారు. మొదటి డబ్బు ఆకుకూరల నుంచి నెల లోపే వస్తుంది. తర్వాత ఒక్కొక్కటీ వరసగా కోతకి వస్తాయి.

మా నెల్లూరు కొలతలో ఇరవై సెంట్లు అంటే 242 అంకణాలు. వినడానికి పెద్దగానే ఉంటుంది గానీ, మడులు, కాలవలు, నడిచే దారి తీసేస్తే మిగిలేది తక్కువే. ఎత్తు మడి అనేది మా బంకమట్టికి సరిగ్గా సరిపోయింది. మడి పైన ఉంటుంది, నీళ్లు కాలవలోకి దిగిపోతాయి, వేరు ఊపిరి తీసుకుంటుంది.

ఎరువు కోసం జీవామృతం. ఎకరాకి లెక్క 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీద మట్టి పిడికెడు. 48 గంటలు నీడలో పులియబెట్టాలి, రోజూ కలియబెట్టాలి. ఇరవై సెంట్లకి ఇందులో ఐదో వంతు చాలు, 40 లీటర్లు. మొదటిసారి అక్క ఎకరం కొలత మొత్తం కలిపేసింది. మిగిలింది వీధిలో వాళ్ల కొబ్బరిచెట్లకి పోసి వచ్చాం. వాసనకి వారం రోజులు నన్ను ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోలేదు.

తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టడం

మొదటి ఆరు నెలలు అక్క చేసిన తప్పు అందరూ చేసేదే. విత్తనాలు ఉన్నాయి, మడి ఖాళీగా ఉంది, చల్లేసింది. అన్నీ ఒకేసారి మొలిచాయి, ఒకేసారి కోతకొచ్చాయి. ఒక ఆదివారం తోటకూర కొండలా ఉంది, కొనేవాళ్లు లేరు. తర్వాతి మూడు ఆదివారాలు తోటకూరే లేదు.

ఇక్కడ సీఎస్ వాళ్లకి వెంటనే అర్థమయ్యే విషయం ఒకటుంది. డెడ్‌లైన్ ఫిక్స్ అయితే వెనక్కి షెడ్యూల్ చేస్తాం కదా, అదే చేయాలి. సంక్రాంతి ముందు ఆదివారం జనవరి 11 అనుకోండి. ఆ రోజు టేబుల్ మీద ఏం ఉండాలో ముందు రాసుకోవాలి. తోటకూర విత్తిన సుమారు 28 రోజులకి కోతకొస్తుంది, కాబట్టి డిసెంబర్ 14న చల్లాలి. బెండ మొదటి కాయకి 45 నుంచి 50 రోజులు, కాబట్టి నవంబర్ 24 దగ్గర విత్తాలి. వంకాయకి నారుమడిలో నెల, నాటాక ఇంకో రెండు నెలలు. అంటే నారు అక్టోబర్ 13కే పోయాలి.

సంక్రాంతి రోజు గుత్తొంకాయ కూర కావాలంటే దసరా రోజుల్లో నారు పోయాలన్నమాట. చెన్నైలో ఉన్నప్పుడు తను వంకాయని ఎప్పుడూ అలా చూడలేదని అక్క అంటుంది.

తర్వాత విడతలు. తోటకూరకి ఐదు చిన్న మడులు పెట్టుకుని, వారానికి ఒకటి చొప్పున విత్తితే నాలుగు మడులు పెరుగుతూ ఉంటాయి, ఐదోది కోసి, దున్ని, మళ్లీ రెడీ చేసుకోవచ్చు. మనం చదివిన రౌండ్ రాబిన్ లాంటిదే. బెండ ఒకసారి విత్తితే కొన్ని వారాలు కాస్తుంది కాబట్టి మూడు వారాలకోసారి విత్తితే సరిపోతుంది.

ఆగేవి, ఆగనివి

వారానికి ఒక్కరోజే సంత కాబట్టి ఇంకో చిక్కు ఉంది. బెండకాయ రోజు విడిచి రోజు కోయాలి. ఆదివారం అమ్మడానికి శుక్రవారం సాయంత్రం నుంచి కోసినవే పనికొస్తాయి. మరి సోమవారం, బుధవారం కోసినవి ఏం చేయాలి? దీనికి జవాబు లేకుండా బెండ వేయకూడదు. అక్క అవి వీధి చివర కొట్టుకి తక్కువ రేటుకి ఇస్తుంది, కొన్ని పక్కింటి వాళ్లకి రోజూ పోస్తుంది.

ఇది అర్థమయ్యాక మేం పంటల్ని మూడు గుంపులుగా రాసుకున్నాం. మొదటిది, అస్సలు ఆగనివి: బెండ, బీర. వీటిని తక్కువ సాళ్లే వేయాలి. రెండోది, చెట్టు మీదో మడిలోనో కొన్ని రోజులు ఆగేవి: వంకాయ, పచ్చిమిర్చి, మునగ, ముల్లంగి, గోంగూర. వారం సంతకి ఇవే వెన్నెముక. మూడోది, ఇంట్లో ఆగేవి: గుమ్మడి, కంద, చేమ, పెసలు, మినుములు, ఎండుమిర్చి, బియ్యం. మిగతావి మోసం చేసిన వారం టేబుల్‌ని కాపాడేవి ఈ మూడో గుంపే. వ్యవసాయం పుస్తకాల్లో పంటల్ని ఖరీఫ్, రబీ అని విడగొడతారు. సంత నడిపేవాళ్లకి 'ఎన్ని రోజులు ఆగుతుంది' అనేది అంతకంటే ముఖ్యమైన విభజన.

మిగిలినవాటికి మా ఊళ్లో పాత సమాధానాలే ఉన్నాయి. మిర్చి మిగిలితే చల్ల మిరపకాయలు, గోరుచిక్కుడు మిగిలితే వరుగులు, గోంగూర మిగిలితే పచ్చడి. కానీ జాగ్రత్త. కాయ అమ్మడం వేరు, పచ్చడి అమ్మడం వేరు. పచ్చడి జాడీలో పెట్టి అమ్మితే అది ఫుడ్ బిజినెస్ అవుతుంది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. మేం అప్లై చేసినప్పుడు 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్నవాళ్లకి దాని ఫీజు ఏడాదికి 100 రూపాయలే ఉండేది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అక్కది నేనే అప్లై చేశాను. ఇంట్లో నా సీఎస్ చదువు పనికొచ్చిందని ఒప్పుకున్న మొదటి సందర్భం అది.

సంత అంటే ఒక్కరు కాదు

ఒక్కరి ఇరవై సెంట్లతో సంత అవదు. కొనేవాళ్లు ఒక్క చోటికి వచ్చి సంచి నింపుకుని వెళ్లాలనుకుంటారు. వంకాయ ఇక్కడ, నిమ్మకాయ అక్కడ అంటే రారు. అందుకే ఇప్పుడు వేపచెట్టు కింద ఆరు గంపలు కూర్చుంటాయి. బ్యారేజీ మీద రోడ్డు ఉంది కాబట్టి అవతల పొదలకూరు వైపు నుంచి ఒకాయన నిమ్మకాయలు తెస్తాడు. ఒకామె పెరుగు, నెయ్యి. ఒక అవ్వ పెరట్లో మునగ, కరివేపాకు. ఇంకో ఇద్దరు ఆకుకూరలు, దుంపలు.

నిమ్మకాయల ఆయన కథ విడిగా చెప్పాలి. నిమ్మకి మా వైపు గూడూరు, పొదలకూరు పెద్ద మార్కెట్లు. అక్కడ నుంచి లారీలు ఢిల్లీ దాకా వెళ్తాయి. 2022 ఏప్రిల్‌లో నిమ్మ కిలో 200 దాటి దేశమంతా వార్త అయ్యింది, గుర్తుందా? వానాకాలంలో అదే నిమ్మని కోసిన కూలి కూడా రాని ధరకి అడుగుతారు. వేపచెట్టు కింద ఆయన అమ్మేది ఒక్క గంపే. "ఈడ రేటు నేను చెప్తా. ఆడ నాకు చెప్తారు. అంతే తేడా" అంటాడు.

ధర ఎలా పెట్టాలి అనేదానికి మనకి రెడీమేడ్ పాఠం ఉంది. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. అంతకు ముందు 1987లో పంజాబ్‌లో 'అప్నీ మండీ' వచ్చింది. అదే 1999 నవంబర్‌లో తమిళనాడులో 'ఉళవర్ సందై' మొదలయ్యింది. రైతు బజారులో పద్ధతి ఏంటంటే, రైతుకి గుర్తింపు కార్డు ఇస్తారు, దళారీ ఉండకూడదు, రోజూ పొద్దున ధరలు బోర్డు మీద రాస్తారు. ఆ ధర హోల్‌సేల్ కంటే ఎక్కువ, బయటి చిల్లర రేటు కంటే తక్కువ ఉంటుంది. అంటే దళారీకి పోయే మధ్య ముక్కని రైతూ, కొనేవాళ్లూ పంచుకుంటారు.

మా సంతలో కూడా ఇదే. శనివారం రాత్రి నేను ఫోన్‌లో నెల్లూరు రేట్లు కనుక్కుంటా. పెదనాన్న బజారులో రేటు చెప్తాడు. మధ్యలో ఒక అంకె పలక మీద రాస్తాం. ఆరు గంపల వాళ్లకీ అదే రేటు, బేరం లేదు. మొదట్లో చివరి అరగంట రేటు తగ్గించేవాళ్లం. తర్వాత చూస్తే కొందరు ఆ అరగంటకే రావడం మొదలుపెట్టారు! పొద్దునే వచ్చి పూర్తి రేటు ఇచ్చినవాళ్లకి అది అన్యాయం. ఆపేశాం.

రూల్స్ రెండు మర్చిపోవద్దు. తూకం మిషన్‌కి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మాది సొంత వాకిలి కాబట్టి ఇబ్బంది లేదు గానీ, వీధిలో పెడితే పంచాయతీని అడగాలి. పెద్ద సంతల్లో ఆశీలు వసూలు చేసే హక్కుని పంచాయతీ వేలం వేస్తుంది.

నాలుగో కాలమ్

లెక్కల పుస్తకంలో మొదట మూడు కాలమ్‌లు ఉండేవి: తెచ్చింది, అమ్మింది, మిగిలింది. రెండు నెలల తర్వాత నేను నాలుగోది కలిపాను: 'అడిగారు, లేదు'.

సీఎస్ భాషలో ఇది క్యాష్ మిస్. అమ్మినవి మాత్రమే రాసుకుంటే, మన దగ్గర ఉన్నవాటి గురించే తెలుస్తుంది. జనానికి నిజంగా ఏం కావాలో నాలుగో కాలమ్ చెప్తుంది. అందులో వరసగా కనిపించినవి చుక్కకూర, చేమదుంప, నాటు టమాటా. అక్క అప్పటిదాకా యూట్యూబ్ చూసి బ్రోకలీ విత్తనాలు తెప్పించి ఉంది. బ్రోకలీ ఒక్కసారి కూడా నాలుగో కాలమ్‌లోకి రాలేదు. విత్తనాల ప్యాకెట్ ఇంకా అల్మారాలో ఉంది.

సేద్యం నేర్చుకునేవాళ్లు సంత కూడా ఎందుకు నడపాలి అంటే నా జవాబు ఈ కాలమ్. పండించడం ఎలాగో చెప్పడానికి ఊళ్లో పెద్దవాళ్లున్నారు, రైతు సేవా కేంద్రం ఉంది, జిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఏం పండించాలో, ఎంత పండించాలో, ఏ తేదీకో మాత్రం సంచి పట్టుకుని వచ్చినవాళ్లే చెప్పగలరు.

నారు కుళ్లిన అక్టోబర్

ఇప్పటిదాకా చెప్పింది చదివి అన్నీ సాఫీగా జరిగాయనుకోవద్దు. మా జిల్లాకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అంటే సంక్రాంతి వంకాయకి నారు పోయాల్సిన టైమూ, వాన దంచి కొట్టే టైమూ ఒక్కటే.

మొదటి ఏడాది అక్క కూరగాయల మడులన్నీ ఎత్తుగా కట్టింది గానీ, నారుమడిని మాత్రం ఇంటి పక్కన చదును నేలలో పోసింది. చిన్న మడే కదా అనుకుంది. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు చూస్తే నారు మొదళ్ల దగ్గర మెత్తబడి పక్కకి పడిపోయి ఉంది. నారుకుళ్లు. మళ్లీ పోసినా వంకాయ సంక్రాంతికి అందదు, ఫిబ్రవరికే.

సంక్రాంతి ముందు ఆదివారం జనం బాగా వస్తారు, అందరూ వంకాయే అడుగుతారు. పుస్తకంలో ఆ లెక్క మా ముందే ఉంది. ఒక గంప ఆయన సలహా ఇచ్చాడు: నెల్లూరు హోల్‌సేల్‌లో రెండు గంపలు తెచ్చి కలిపేయమని. పెదనాన్న కూడా అన్నాడు, "కలిపి అమ్మితే ఎవురికి తెలిసేది?"

అక్క ఒక్క రాత్రి ఆలోచించింది. వంకాయలు తెప్పించింది. కానీ విడిగా ఒక స్టూలు వేసి వాటిని దాని మీద పెట్టి, అట్టముక్క మీద రాసింది: 'ఇవి నెల్లూరు మార్కెట్ వంకాయలు. మా నారు వానకి పోయింది.' ఒకామె అది చదివి మొహం మీదే అడిగింది, "ఇయ్యే బజార్లో దొరకతాయి గదమ్మా, నీ దగ్గర కొనేదెందుకు?" దానికి అక్క దగ్గర జవాబు లేదు. సగం గంప మిగిలిపోయింది. ఆ రోజు నష్టం.

రాత్రి పెదనాన్న మళ్లీ ఆ మాట ఎత్తాడు. అక్క అంది, "సంతకొచ్చిన పిల్లకాయలు మడులు చూసేదానికి లోపలికి పోతారు నాన్నా. చెట్టు లేకుండా కాయ యాడిదని అడిగితే ఏం చెప్పాల?" ఆయనేం మాట్లాడలేదు.

నాకు అప్పుడు అర్థమైంది, రైతు బజార్లో గుర్తింపు కార్డు ఎందుకో. రైతు పేరుతో వ్యాపారులు కూర్చుంటున్నారని రైతు బజార్ల మీద మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు. కాయ చూసి ఎవరు పండించారో, ఏ మందు కొట్టారో చెప్పలేం. కొనేవాడు కాయతో పాటు మాటని కూడా కొంటున్నాడు. దేశంలో పీజీఎస్-ఇండియా అనే సర్టిఫికెట్ పద్ధతి దీని మీదే నడుస్తుంది. బయటి కంపెనీ వచ్చి తనిఖీ చేయదు. ఒకే ప్రాంతంలో కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు చూసి సంతకం పెడతారు. మారే దశలో ఉన్నవాళ్లకి పీజీఎస్-గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్-ఆర్గానిక్. మా వేపచెట్టు సంతకి ఏ సర్టిఫికెట్టూ లేదు. అందుకే పలక మీద 'ఆర్గానిక్' అని రాయం. 'మందు కొట్టలేదు, మడి చూడొచ్చు' అని రాస్తాం.

తొందర లేని ఉదాహరణ

ఇదే పని పెద్దగా చేసినవాళ్లు రాయలసీమలో ఉన్నారు. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు భూమితో టింబక్టు కలెక్టివ్ మొదలయ్యింది. మొదలుపెట్టినవాళ్లలో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం ఉన్నారు. ముందు ఆ బీడుని బతికించడం మీదే పని చేశారు. రైతుల పంటని కొని, శుభ్రం చేసి, అమ్మే 'ధరణి' సహకార సంఘం వచ్చింది 2008లో. భూమికీ, మార్కెట్‌కీ మధ్య 18 ఏళ్లు! వాళ్లది వాన మీద ఆధారపడ్డ నేల, చిరుధాన్యాలు, వేరుశనగ. ఇవి మా మూడో గుంపు, ఇంట్లో ఆగేవి. అందుకే దూరం ఊళ్లకి కూడా అమ్మగలుగుతారు. సంగంలో వంకాయకి ఆ దారి కుదరదు, అది ఊళ్లోనే అమ్ముడుపోవాలి. కానీ పెదనాన్న ఇచ్చిన రెండేళ్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆ 18 ఏళ్లు నాకు ధైర్యంగా ఉంటాయి.

మీరు మొదలుపెట్టాలంటే

మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత భూమి ఉంది, కౌలుకి ఇచ్చి ఉంటుంది. ఎవరైనా ఇలాంటిది అనుకుంటే నా సలహా ఇది. విత్తనం కొనేముందు నాలుగు ఆదివారాలు మీ ఊరి కూరగాయల కొట్టు దగ్గర నిలబడి, జనం ఏం అడుగుతున్నారో రాసుకోండి. ఆగేవాటితో మొదలుపెట్టండి, ఆగనివి తర్వాత. నారుమడిని అన్నిటికంటే ఎత్తులో పెట్టండి. ఐదారుగురిని కలుపుకోండి. మొదటి ఏడాది దీంతో బతకొచ్చు అనుకోకండి. అక్క ఇప్పటికీ మధ్యాహ్నాలు పిల్లకాయలకి ట్యూషన్ చెప్తుంది. ఆ డబ్బు లేకపోతే సంత ఎప్పుడో ఆగిపోయేది.

రెండేళ్ల గడువు ఈ సంక్రాంతికి అయిపోతుంది. పుస్తకం ప్రకారం ఖర్చులు పోను మిగులుతోంది, కానీ తన కూలి కూడా లెక్కేస్తే ఇంకా మిగలడం లేదు. ఈ మాట అక్క పెదనాన్నకి దాచకుండా చెప్పేసింది. ఆయన కౌలు సంగతి ఇంకా తేల్చలేదు. కానీ మొన్న అక్టోబర్‌లో నేను ఇంటికి వెళ్లేసరికి, నారుమడి ఇటుకల మీద నడుము ఎత్తులో ఉంది, పైన పాత యూరియా సంచులు కుట్టి పందిరి వేసి ఉంది. ఇటుకలు పేర్చింది ఎవరని అడిగితే అక్క పెదనాన్న వైపు చూసింది. ఆయన మాత్రం, "ఊరికే కూర్చోలేక పేర్చా. ఎకరా సంగతి వేరే" అన్నాడు.

నారు మొలిచింది. జనవరిలో ఎవరైనా సంగం వైపు వస్తే ఆదివారం పొద్దున ఏడు లోపు రండి. తొమ్మిదికి గంపలు ఎత్తేస్తాం.